వంకర వేళ్లకు పల్స్ ఆక్సిమీటర్: మూడు స్టార్లే

నాకు రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే కీళ్లవాపు జబ్బు. దానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే మందు వేసుకుంటాను, అది అరుదుగా ఊపిరితిత్తులను దెబ్బతీయొచ్చు. మందు రాసిచ్చిన రోజే డాక్టరుగారు గట్టిగా చెప్పారు, కొత్తగా పొడి దగ్గో జ్వరమో ఆయాసమో మొదలైతే తర్వాతి డోస్ వేసుకోకుండా ముందు తనకు ఫోన్ చెయ్యమని. ఆ టెన్షన్‌తోనే వేలికి తగిలించుకుని రక్తంలో ఆక్సిజన్ శాతం చూసుకునే ఈ మీటర్ కొన్నాను.

కీళ్ల జబ్బు ఉన్నవాళ్లు వాడతారన్న ఆలోచనే లేకుండా చేసినట్టుంది. స్ప్రింగ్ మహా గట్టిది. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి ఉన్నప్పుడు రెండు చేతులూ వాడినా క్లిప్ తెరుచుకోదు. చూపుడు వేలు వంకర తిరగడంతో లోపల సరిగ్గా కూర్చోదు, అంకె ఊగిసలాడుతుంది. ఎడమచేతి మధ్యవేలుతోనే నెట్టుకొస్తున్నాను. సెల్స్ మూత గోటితో లాగాలి, ఆ పని మా అబ్బాయిదే. స్క్రీన్‌కి మాత్రం వంక పెట్టలేను, కళ్లజోడు లేకుండా చదువుకోవచ్చు.

చేతులు చల్లగా ఉన్నా, గోళ్లకు రంగున్నా అంకె తప్పొచ్చు. చర్మం నలుపైతే ఉన్నదానికన్నా ఎక్కువ చూపించే అవకాశమూ ఉంది. అందుకే చేతులు రుద్దుకుని, కాసేపు కూర్చుని, అంకె నిలబడ్డాకే రాసుకుంటాను.

పెట్టెలోని కాగితం మీద 95 దాటితే నార్మల్ అని ఉంది. నా పేచీ అక్కడే. కూర్చున్నప్పుడు 97 ఉన్నా ఊపిరితిత్తుల్లో జబ్బు మొదలై ఉండొచ్చు, అది నడిస్తేనే బయటపడొచ్చు. డాక్టరుగారు నన్ను ఇంట్లోనే కాసేపు నడిచి వెంటనే చూసుకోమన్నారు. కూర్చున్నప్పటికన్నా అంకె 4 తగ్గితే చెప్పాలి. మెథోట్రెక్సేట్ వల్ల వచ్చే న్యుమోనైటిస్ (ఊపిరితిత్తుల వాపు) అరుదే, ఎక్కువగా మొదటి ఏడాదిలో కనిపిస్తుంది. కానీ దగ్గుకు కారణం మందే కానక్కర్లేదు. ఈ కీళ్ల జబ్బే ఊపిరితిత్తులకు మచ్చలు పెట్టొచ్చు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల మీద ఉన్నవాళ్లకు క్షయ, న్యుమోసిస్టిస్ (ఊపిరితిత్తులకు పట్టే ఒక ఫంగస్) లాంటి ఇన్ఫెక్షన్లూ పట్టుకోవచ్చు. ఒకదానికి మందు ఆపాలి, ఇంకొకదానికి యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. ఏది ఏదో చెప్పడం ఈ బుల్లి మీటర్ వల్ల కాదు, దానికి హెచ్‌ఆర్‌సీటీ (ఊపిరితిత్తులను వివరంగా చూపే సీటీ స్కాన్), ఊపిరి పరీక్షలు, ఒక్కోసారి బ్రాంకోస్కోపీ (సన్నటి కెమెరా గొట్టంతో ఊపిరి గొట్టాల లోపల చూడడం) కావాలి.

మొన్న నాకు దగ్గు పట్టుకున్నప్పుడు 97 చూపించింది. డాక్టరుగారు ఆ అంకెను పెద్దగా పట్టించుకోలేదు. వీపు మీద స్టెతస్కోప్ పెట్టి, ఊపిరి పీల్చినప్పుడు వెల్క్రో విప్పినట్టు చప్పుడు వస్తోందేమోనని కింది భాగాల దాకా విన్నారు, ఎక్స్‌రే తీయించారు. జలుబేనని తేలింది, డోస్ ఒక వారం వాయిదా పడింది. అంతే. దగ్గొచ్చిందని సొంతంగా మందు మానేసి కూర్చుంటే మాత్రం కీళ్లు మళ్లీ వాచిపోతాయి.

దగ్గూ ఆయాసమూ ఉండి అంకె బాగున్నా ఫోన్ చేసేవాళ్లయితేనే కొనండి. అంకె చూసి ఊరుకునేవాళ్లకు వద్దంటాను. కొనేటప్పుడు స్ప్రింగ్‌ని పొద్దున పూట, వేళ్లు బిగుసుకుని ఉన్నప్పుడే నొక్కి చూడండి. సాయంత్రానికి ఏ క్లిప్పయినా సులువుగానే తెరుచుకుంటుంది.