బల్క్ డ్రగ్ ప్లాంటా, రిఫైనరీయా? రెండు చోట్లా పనిచేసిన ఒక ఆపరేటర్ సమీక్ష

వరంగల్, హనుమకొండల్లో బీఎస్సీ కెమిస్ట్రీ చదివినవారికైనా, ఐటీఐలో కెమికల్ ప్లాంట్ ఆపరేటర్ ట్రేడు పూర్తిచేసినవారికైనా మొదట దొరికే ఉద్యోగం హైదరాబాద్ చుట్టుపక్కల బల్క్ డ్రగ్ (మాత్రలు, మందుల్లో వాడే ముడి ఔషధం) కంపెనీల్లోనే. తెలంగాణలో చమురు శుద్ధి కర్మాగారం లేదు కనుక రిఫైనరీ కావాలనుకున్నవారు విశాఖపట్నమో, గుజరాతో వెళ్లవలసిందే. నేను పటాన్‌చెరు వైపు ఒక బల్క్ డ్రగ్ కంపెనీలో ప్రొడక్షన్ ఆపరేటర్‌గా చాలా ఏళ్లు చేసి, తరువాత గుజరాత్‌లోని ఒక రిఫైనరీలో మొదట కాంట్రాక్టర్ కింద, ఆపై కంపెనీ ఉద్యోగిగా పనిచేశాను. జీతం ఎంత అన్న ప్రశ్న కంటే ముందు అడగవలసినవి కొన్ని ఉన్నాయని ఈ రెండు చోట్ల అనుభవం చెబుతున్నది.

భద్రత సంగతి ముందుగా చెబుతాను. రిఫైనరీలో నిలువ ఉండే ఇంధనం లక్షల టన్నుల్లో ఉంటుంది, కొలిమిలోంచి వచ్చే ముడిచమురు 350 డిగ్రీల పైచిలుకు వేడితో ఉంటుంది. అందుకే చూసినవారందరూ అదే ఎక్కువ ప్రమాదమనుకుంటారు. అయితే అక్కడ ఆ సరుకంతా పైపుల్లోనే పుట్టి పైపుల్లోనే వెళ్లిపోతుంది, ఆపరేటర్ చేతికి తగలదు. బల్క్ డ్రగ్‌లో పని బ్యాచ్‌ల లెక్కన నడుస్తుంది కాబట్టి ప్రతి షిఫ్టులోనూ ఎవరో ఒకరు రియాక్టర్ (రసాయన చర్య జరిగే పెద్ద పాత్ర) మ్యాన్‌హోల్ తెరవాలి, డ్రమ్ములోని పొడిని లోపలికి వేయాలి, సెంట్రిఫ్యూజ్ (గిరగిరా తిరిగి ద్రవాన్ని వేరుచేసే యంత్రం) నుంచి తడి ముద్దను తోడాలి. అంటే మనిషికీ రసాయనానికీ మధ్య ఉండేది చాలాసార్లు ఒక మాస్కూ, ఒక జత గ్లౌజులూ మాత్రమే.

రాత్రి షిఫ్టులో టోలుయిన్ అనే తేలిగ్గా మండే ద్రావకం (సాల్వెంట్) ఉన్న రియాక్టర్‌లోకి పొడి వేయడం (చార్జింగ్) ఎలా ఉంటుందో వివరిస్తే ఈ తేడా అర్థమవుతుంది. ముందుగా రియాక్టర్‌లోకి నైట్రోజన్ పంపి ఆక్సిజన్‌ను తగ్గించాలి, డ్రమ్ముకు ఎర్తింగ్ క్లిప్ తగిలించాలి, పొడిని నెమ్మదిగా వదలాలి. ఎందుకంటే పొడి జారేటప్పుడు పుట్టే స్థిర విద్యుత్తు చిన్న నిప్పురవ్వగా మారితే టోలుయిన్ ఆవిరికి అది చాలు. మా బ్లాకులో ఆ క్లిప్ పళ్లు తుప్పుపట్టి, డ్రమ్ము రంగు మీద ఊరికే వేలాడుతూ ఉండేది. క్లిప్ పెట్టినట్లు బ్యాచ్ రికార్డులో సంతకం ఉండేది. రంగు గీకి లోహానికి తగిలిందో లేదో చూసే తీరిక డిస్పాచ్ ఒత్తిడి ఉన్న నెలాఖరున ఎవరికీ ఉండేది కాదు. సాల్వెంట్ల సంగతే కాదు, మామూలు పొడి కూడా ప్రాణం తీయగలదు. 2025 జూన్ 30న పాశమైలారంలో 40 మందికి పైగా కార్మికులను బలిగొన్న పేలుడు, మాత్రల తయారీలో వాడే మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్ ఉత్పత్తి చేసే కర్మాగారంలో జరిగింది. సెల్యులోజ్ విషం కాదు. కానీ సన్నటి పొడిగా గాలిలో కలిస్తే అది మండే ఇంధనమే.

రిఫైనరీలో నన్ను మొదట ఆశ్చర్యపరిచింది పర్మిట్ పద్ధతి, అంటే రాతపూర్వక అనుమతి లేనిదే ఏ పనీ మొదలుపెట్టకపోవడం. ఒక పంపును విప్పాలన్నా దాని కరెంటు సరఫరా ఆపి, స్విచ్చుకు తాళం వేసి, ఆ తాళంచెవిని పనిచేసే మనిషి తన జేబులోనే ఉంచుకుంటాడు. అతడు బయటికి వచ్చి తానే తాళం తీసేదాకా మేనేజర్ వచ్చి అడిగినా పంపు తిరగదు. వెసెల్ (పెద్ద మూసిన పాత్ర) లోపలికి దిగాలంటే ఆక్సిజన్ 19.5 శాతానికి తగ్గకుండా ఉందని పరీక్షించి రాయాలి, బయట ఒక మనిషి కాపలా ఉండాలి. బల్క్ డ్రగ్‌లోనూ ఇవే ఫారాలు ఉంటాయి, నేనూ నింపాను. తేడా ఏమిటంటే అక్కడ పని పూర్తయిన తరువాత ఫారం నింపిన సందర్భాలు చూశాను, రిఫైనరీలో చూడలేదు.

రిఫైనరీలో అసలు శత్రువు హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు. కాలర్‌కు తగిలించుకున్న చిన్న డిటెక్టర్ సాధారణంగా 10 పీపీఎం (గాలిలో పది లక్షల భాగాలకు 10 భాగాలు) వద్దే మోగుతుంది. 100 పీపీఎం దరిదాపులకు చేరితే ముక్కు మొద్దుబారి కుళ్లిన కోడిగుడ్డు వాసన కూడా తెలియదు. మంచిర్యాల నుంచి వచ్చి అక్కడ స్థిరపడిన ఒక సీనియర్ మొదటి వారంలోనే చెప్పాడు: "తమ్మీ, వాసన అచ్చినప్పుడు జాగ్రత్తపడు. అచ్చే వాసన ఆగిందంటే మాత్రం గాలికి అడ్డంగ ఉరుకు." శిక్షణ తరగతుల్లో చూపిన స్లయిడ్లన్నీ మరిచిపోయాను గానీ ఈ మాట మరువలేదు.

అంతమాత్రాన రిఫైనరీ సురక్షితమని రాసేస్తే అబద్ధమవుతుంది. నిరంతరం నడిచే ప్లాంటు నడుస్తున్నంతసేపు నెమ్మదిగానే ఉంటుంది. దాన్ని ఆపేటప్పుడు, తిరిగి నడిపేటప్పుడు ప్రమాదం ముంచుకొస్తుంది. 2005 మార్చి 23న అమెరికాలోని టెక్సాస్ సిటీ రిఫైనరీలో ఒక యూనిట్‌ను తిరిగి ప్రారంభిస్తుండగా జరిగిన పేలుడులో 15 మంది చనిపోయారు. ఆ 15 మందీ కాంట్రాక్టు సంస్థల వారే. మన దగ్గర 1997 సెప్టెంబరులో విశాఖ రిఫైనరీలో ఎల్పీజీ లీకై చెలరేగిన మంటలు దాదాపు 60 మందిని పొట్టనపెట్టుకున్నాయి. బల్క్ డ్రగ్‌లో ప్రమాదం తరచుగా, కొద్దిమందికి జరుగుతుంది. రిఫైనరీలో అరుదుగా జరిగినా ఊరంతా ఏడ్చేలా జరుగుతుంది.

ఇక సౌకర్యాల విషయంలో నా అభిప్రాయం సూటిగా చెబుతాను: ఏ రకం ప్లాంటు అన్నదాని కంటే ఎవరి రోల్స్ మీద, అంటే ఎవరి ఉద్యోగుల జాబితాలో ఉన్నామన్నదే లెక్క. కంపెనీ రోల్స్ మీద రిఫైనరీ ఉద్యోగికి క్వార్టర్సు, తల్లిదండ్రులకూ వర్తించే వైద్యం, పిల్లల చదువుకు సాయం అందాయి. అదే గేటులోంచి, అదే హెల్మెట్ పెట్టుకుని, అదే యూనిట్‌లోకి వెళ్లే కాంట్రాక్టు కార్మికుడికి పీఎఫ్, ఈఎస్ఐ తప్ప మరేమీ లేవు. కాంట్రాక్టర్ మారినప్పుడల్లా కొత్త గేట్ పాస్, కొత్త చేరిక తేదీ. ఐదేళ్ల ఎడతెగని సర్వీసు చూపాల్సిన గ్రాట్యుటీ అలా చేతికందకుండా పోయినవారు నా తోటివారిలోనే ఉన్నారు. షట్‌డౌన్ (మరమ్మతుకు ప్లాంటు ఆపిన) సమయంలో అత్యంత ప్రమాదకరమైన పనులు చేసేదీ వీళ్లే. ఈ ఒక్క అన్యాయం వల్లనే, భద్రతలో ఎంత మెచ్చుకున్నా, రిఫైనరీకి పూర్తి మార్కులు వేయలేను.

బల్క్ డ్రగ్ కంపెనీలో నేను చేరింది నేరుగా రోల్స్ మీదే. జీతం తక్కువైనా ఈఎస్ఐ ఉండేది, పనిలో గాయపడి ఇంట్లో ఉంటే వేతనంలో సుమారు 90 శాతం వచ్చేది. వేతనం 21,000 రూపాయల పరిమితి దాటిన తరువాత ఈఎస్ఐ ఆగి, దాని స్థానంలో కంపెనీ గ్రూపు ఇన్సూరెన్సు వచ్చింది. అందులో తల్లిదండ్రులు లేరన్న సంగతి బాపును వరంగల్ ఎంజీఎం ఆసుపత్రికి తీసుకెళ్లిన రోజున తెలిసింది. ఇంక్రిమెంటు కాగితం మీద సంతకం చేసే ముందే ఆ పాలసీలో ఎవరెవరున్నారో చదవాలి.

ఇంటికి దగ్గరగా మూడో దారి కూడా ఉంది. 2021లో ఉత్పత్తి మొదలుపెట్టిన రామగుండం ఎరువుల కర్మాగారం ఏటా 12.7 లక్షల టన్నుల యూరియా సామర్థ్యం గలది. పేరుకు అది రసాయన కర్మాగారమే అయినా సహజవాయువుతో నిరంతరం నడిచేది కనుక పని తీరు రిఫైనరీకే దగ్గర. అక్కడ భయపడవలసినది అమ్మోనియా. అయితే అది కొద్దిగా లీకైనా ముక్కుపుటాలు మండించి తానే హెచ్చరిస్తుంది. గుజరాత్‌లో ఉన్నన్నాళ్లూ సద్దుల బతుకమ్మ నాడు నేను ఇంట్లో ఉన్నది అరుదు. నవజీవన్ ఎక్స్‌ప్రెస్‌లో వరంగల్ చేరేసరికి ఒక పగలూ ఒక రాత్రీ గడిచిపోయేవి. ఆ లెక్కన రామగుండం పక్కనున్న గోదావరిఖనిలో ఉండి చేసే ఉద్యోగానికి నాలుగైదు వేలు తక్కువిచ్చినా నేను ఒప్పుకునేవాడిని.

రిఫైనరీ రోల్స్ మీద పిలుపు వస్తే దూరమైనా వెళ్లమనే నా సలహా. కాంట్రాక్టర్ కింద రిఫైనరీ, నేరుగా రోల్స్ మీద బల్క్ డ్రగ్ రెండూ ఒకేసారి వస్తే, రిఫైనరీ పేరు చూసి మోసపోకుండా రెండోదే తీసుకోవాలి, అదీ ప్లాంటు లోపల ఒకసారి తిరిగి చూసిన తరువాతే. తిరిగేటప్పుడు కళ్లు కడుక్కునే కుళాయి తొక్కి నీళ్లు వస్తున్నాయో లేదో చూడండి, వస్తే ఆ నీళ్లు తుప్పు రంగులో ఉన్నాయేమో గమనించండి. చివరి మాక్ డ్రిల్ ఎప్పుడు జరిగిందని హెచ్ఆర్ వారిని కాకుండా రియాక్టర్ దగ్గరున్న ఆపరేటర్‌ను అడగండి.