మెయిల్ సర్వర్ మన ఆఫీసులోనా, క్లౌడ్‌లోనా?

మిర్యాలగూడలో ఓ రైస్ మిల్లు ఆఫీసుకు మెయిల్ పని నాదే. పదిహేను ఫోన్లకు మెయిల్ వెంటనే చేరాలి. ముందు సొంత ఎక్స్ఛేంజ్ (మైక్రోసాఫ్ట్ వారి మెయిల్ సాఫ్ట్‌వేర్) సర్వర్ నడిపాను, ఇప్పుడు క్లౌడ్‌కు, అంటే వేరే కంపెనీ ఇంటర్నెట్‌లో నడిపే మెయిల్‌కు మారాం.

సొంత సర్వర్ అయితే డేటా మన దగ్గరే ఉంటుంది, ఒక్కో మెయిల్‌బాక్స్‌కు నెలనెలా కట్టక్కర్లేదు. కానీ ఇన్‌స్టాల్ చేయడంతో పని అయిపోదు. స్టాటిక్ ఐపీకి (మారని ఇంటర్నెట్ చిరునామాకు) రివర్స్ డీఎన్ఎస్ (ఆ చిరునామా ఏ సర్వర్ పేరుదో చెప్పే రికార్డు) పెట్టించకపోతే మన మెయిళ్లు చాలాచోట్ల స్పామ్‌లో పడతాయి, లేదా తిరిగొస్తాయి. ఫోన్లు యాక్టివ్‌సింక్ (ఫోన్‌కు మెయిల్ చేర్చే పద్ధతి) ద్వారా 443 పోర్టులో (సురక్షిత వెబ్ కనెక్షన్ల దారిలో) కలుస్తాయి కాబట్టి ఎస్ఎస్ఎల్ సర్టిఫికెట్ (సర్వర్ అసలుదేనని చూపే డిజిటల్ పత్రం) గడువు తీరితే గోల మొదలు. ఓ సోమవారం పొద్దున నాకు అదే జరిగింది. లారీ లోడ్ల వివరాలు ఎవరికీ అందలేదు, ఆ టెన్షన్ ఇంకా గుర్తుంది. బ్యాకప్ సరిగ్గా అవ్వకపోతే లాగ్ ఫైళ్లు (ప్రతి మార్పునూ సర్వర్ రాసుకునే ఫైళ్లు) పేరుకుపోయి డిస్క్ నిండిపోతుంది, అదో బెడద. ఎండాకాలం కరెంటు సంగతి సరేసరి.

క్లౌడ్‌లో ఇవేవీ మన నెత్తిన ఉండవు. ఆఫీసులో కరెంటు లేకపోయినా ఫోన్ డేటాతో మెయిల్ వస్తుంది. మెయిల్ నిజంగా మన దగ్గర్నుంచే వచ్చిందని చూపే ఎస్‌పీఎఫ్, డీకిమ్ రికార్డులు మాత్రం మనమే పెట్టుకోవాలి.

ఎక్స్ఛేంజ్ 2016, 2019లకు మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ముగిసింది. రోజూ చూసుకునే మనిషి లేని ఆఫీసుకు నేను క్లౌడే చెబుతాను. పాతది నడుస్తోంది కదా అని మాత్రం వదిలేయకండి.