పొటాషియం కార్బొనేట్ అరకిలో డబ్బా: బొగ్గు నుంచి గ్యాస్ తీయడానికి వాడి చూశాం

అనంతపురంలో మా పాలిటెక్నిక్ కెమిస్ట్రీ ల్యాబ్ చూసుకునేది నేనే. ఈసారి ఫైనలియర్ పిల్లలు వేరుశనగ పొట్టును బొగ్గు చేసి, దాని మీదుగా నీటి ఆవిరి పంపి గ్యాస్ తీస్తామన్నారు. ఈ జిల్లాలో పొట్టుకేం కొదవ? మిల్లు వాళ్లు ఒక గోతాం ఊరికే ఇచ్చారు. కొనాల్సి వచ్చింది ఉత్ప్రేరకం ఒక్కటే, అదే ఈ పొటాషియం కార్బొనేట్ లవణం.

ఎర్రగా కాలిన బొగ్గుకు ఆవిరి తగిలితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ వస్తాయి. రెండూ మండే వాయువులే. కానీ ఈ చర్య వేడిని తాగేస్తుంది, 12 గ్రాముల కార్బన్‌కు 131 కిలోజౌళ్లు. ఉత్ప్రేరకం ఆ లెక్కను తగ్గించదు గానీ, తక్కువ ఉష్ణోగ్రతలోనే పని త్వరగా జరిగేలా చేస్తుంది. 1970ల్లో అమెరికాలో ఎక్సాన్ కంపెనీ బొగ్గుకు ఈ లవణాన్నే కలిపి, 700 డిగ్రీల దగ్గర మీథేన్ తీసే పద్ధతి మీద పని చేసింది. మేమూ 700 దగ్గరే ఆగాం.

ముందు ఉత్త బొగ్గు, ఐదు గ్రాములు. నీళ్లలో బోర్లించిన రెండు లీటర్ల సీసా అరగంటైనా నిండలేదు. తర్వాత అర గ్రాము పొటాషియం కార్బొనేట్ నీళ్లలో కరిగించి, అంతే బొగ్గును అందులో నానబెట్టి, ఓవెన్‌లో ఆరబెట్టి పెట్టాం. గొట్టం చివర బుడగలు ఒకదాన్నొకటి తరుముకుంటూ వచ్చాయి. పది నిమిషాల్లోపే సీసా నిండింది. పిల్లల మొహాలు చూడాలి! వాషింగ్ సోడా కూడా పని చేసింది గానీ, ఇంత చురుగ్గా కాదు. చిన్నప్పుడు మా అమ్మ గిన్నెలు తోమిన కట్టెల బూడిదలో ఉండేది కూడా ఈ లవణమే అని చెబితే వాళ్లు నమ్మలేదు.

ఒక పొరపాటు మాది. బొగ్గును మొదట పింగాణీ బోటులో, అంటే ఫర్నేస్‌లో పెట్టే చిన్న పడవలాంటి పాత్రలో పెట్టాం. బూడిద కడిగి పొటాషియాన్ని మళ్లీ వాడదామంటే సగానికి సగం కూడా రాలేదు. బోటు లోపల వేలు పెడితే గరుకుగా, అక్కడక్కడ గాజు పూసినట్టు తగిలింది. పింగాణీ మట్టిలోని అల్యూమినా, సిలికాలతో పొటాషియం కలిసిపోయి, నీళ్లలో కరగని పదార్థంగా మారుతుంది. ఇక అది ఉత్ప్రేరకంగా పనికిరాదు. బొగ్గు బూడిదలో మట్టి ఎక్కువున్నా ఇదే గతి. స్టీలు బోటుకు మారాక నష్టం తగ్గింది.

సరుకు మంచిదే, ఇదే పనికి వాడే నికెల్ లవణాల కంటే చాలా చవక. కోపమంతా అమ్మిన షాపు మీదే. డబ్బా మూత వదులుగా ఉంది, లోపలి సీల్ ఊడి ఉంది. ఈ లవణం గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి పొడి కాస్తా పటిక బెల్లంలా గడ్డకట్టింది. మార్చమంటే ‘సార్, వేడి చేస్తే సరిపోతుంది’ అన్నారు. నిజమే, 200 డిగ్రీల దగ్గర ఆరబెట్టి వాడాం. కానీ తూకంలో మేం కొన్నది నీళ్లు కూడా కదా! కొనేవాళ్లు షాపులోనే మూత తిప్పి సీల్ చూసుకోండి.

ఇంకొకటి, గట్టిగా చెబుతున్నాను. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుంటే ప్రాణం తీసేది ఇదే. మేం ఫర్నేస్‌ను వరండాలోకి మార్చి, మిగతా గ్యాస్‌ను గొట్టం చివరే వెలిగించేశాం. మంట నీలంగా, పగటి వెలుగులో దాదాపు కనబడనంత పలచగా ఉంటుంది, చెయ్యి దగ్గరికి పోనివ్వకండి.