రెండు కంప్యూటర్ల మీద ఫ్లైట్ సిమ్యులేటర్: వైడ్‌ఎఫ్‌ఎస్, లిటిల్ నావ్‌కనెక్ట్ ఏళ్ల తరబడి వాడాక

ఒక కంప్యూటర్లో సిమ్యులేటర్, దాని పక్కన ఇంకో కంప్యూటర్లో మ్యాపూ మీటర్లూ. మా ఇంట్లో ఈ ఏర్పాటు కొన్నేళ్లుగా నడుస్తోంది. సిమ్యులేటర్‌లోని వివరాలను నెట్‌వర్క్ మీదుగా రెండో కంప్యూటర్‌కి చేరవేసేవి వైడ్‌ఎఫ్‌ఎస్, లిటిల్ నావ్‌కనెక్ట్ అనే ప్రోగ్రాములు. ఇన్నేళ్లలో అవి వాటంతట అవి మొరాయించిన సందర్భం నాకు గుర్తు లేదు. కనెక్షన్ తెగిన ప్రతిసారీ కారణం వాటి కింద ఉన్న నెట్‌వర్క్‌లోనే దొరికింది: రౌటరు, కేబులు, లేదంటే విండోస్ ఫైర్‌వాల్ (బయటి నుంచి వచ్చే కనెక్షన్లకు కాపలా కాసేది). అందుకే ఈ సమీక్షలో ప్రోగ్రాముల గురించి కన్నా ఆ మూడింటి గురించే ఎక్కువ రాస్తున్నాను. కొనాలా వద్దా అని ఆలోచించేవాళ్లకు నిజంగా పనికొచ్చేది అదే.

పెద్ద కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 2020, దాని వివరాలను వేరే ప్రోగ్రాములకు అందించే ఎఫ్‌ఎస్‌యుఐపీసీ7 ఉన్నాయి. రెండోది పాత ల్యాప్‌టాప్. అందులో విమానం ఎక్కడుందో చూపే మ్యాపు ప్రోగ్రాము లిటిల్ నావ్‌మ్యాప్, ఇంకా ఎఫ్‌ఎస్‌యుఐపీసీ ద్వారా డేటా తీసుకునే మీటర్ల ప్యానెల్. రెండో కంప్యూటర్ ఎందుకంటే, సిమ్యులేటర్ తెర మీదే మ్యాపు తెరిస్తే బయటి దృశ్యం సగం మూసుకుపోతుంది. శంషాబాద్‌లో 09ఆర్ రన్‌వే మీదికి దిగుతున్నప్పుడు కిటికీ కిటికీలాగే ఉండాలి, చార్టు పక్కన ఉండాలి. గన్నవరం నుంచి శంషాబాద్‌కి చిన్న ప్రయాణమే అయినా, పక్క తెర మీద విమానం బొమ్మ గీత వెంట కదులుతుంటే వచ్చే ధీమా వేరు.

రెండు ప్రోగ్రాములూ చేసే పని ఒకేలా అనిపిస్తుంది గానీ, పద్ధతి వేరు. వైడ్‌ఎఫ్‌ఎస్ చాలా పాతది. ఎఫ్‌ఎస్‌యుఐపీసీ రాసిన పీట్ డౌసన్‌దే ఇదీ. సర్వర్ భాగం ఎఫ్‌ఎస్‌యుఐపీసీ7 లోపలే ఉంటుంది, లైసెన్సు మాత్రం విడిగా కొనాలి. రెండో కంప్యూటర్లో వైడ్‌క్లయింట్ అనే చిన్న ప్రోగ్రాము నడపాలి. అది నడుస్తున్నంత సేపూ అక్కడి మీటర్ల ప్యానెల్ సిమ్యులేటర్ తన కంప్యూటర్లోనే ఉందనుకుంటుంది. నెట్‌వర్క్ అనేది ఒకటుందని కూడా ఆ ప్యానెల్‌కి తెలియదు. లిటిల్ నావ్‌కనెక్ట్ ఉచితం, ఓపెన్ సోర్స్. సిమ్యులేటర్ ఉన్న కంప్యూటర్లో కూర్చుని సిమ్‌కనెక్ట్ (వేరే ప్రోగ్రాములతో మాట్లాడటానికి సిమ్యులేటర్‌లోనే ఉన్న ఏర్పాటు) నుంచి విమానం వివరాలు తీసుకుని, 51968 పోర్టు (నెట్‌వర్క్‌లో ఆ ప్రోగ్రాము తలుపు నంబరు) ద్వారా లిటిల్ నావ్‌మ్యాప్‌కి పంపుతుంది. ఇవి కేవలం అంకెలే, వీడియో కాదు. కాబట్టి నెట్‌వర్క్ మీద భారం చాలా తక్కువ. ‘మా రౌటరు అంత స్పీడు ఉండదేమో’ అని భయపడాల్సిన పని లేదు.

ఇక అసలు సంగతి.

మాకు వేసవి వచ్చిందంటే కరెంటు పోతూ వస్తూ ఉంటుంది. కరెంటు వచ్చాక అన్నీ ఆన్ అవుతాయి, ఇంటర్నెట్ వస్తుంది, కానీ మ్యాపులో విమానం ఉండదు. రౌటరు మళ్లీ మొదలైనప్పుడు పాత అడ్రసుల పట్టిక మర్చిపోయి, ముందు అడిగినవాళ్లకు ముందు అన్నట్టు ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరానికి ఉండే నంబర్లు) పంచుతుంది. నిన్న 192.168.0.20 ఉన్న సిమ్యులేటర్ కంప్యూటర్‌కి ఇవాళ 192.168.0.23 వస్తుంది. ల్యాప్‌టాప్ మాత్రం పాత అడ్రసు తలుపే తడుతూ ఉంటుంది. దీనికి మందు రౌటరు సెట్టింగ్స్‌లో అడ్రస్ రిజర్వేషన్. ఆ కంప్యూటర్ నెట్‌వర్క్ కార్డు మ్యాక్ అడ్రసుకి (కార్డుతో పాటే వచ్చే గుర్తింపు నంబరు) ఒక ఐపీని కట్టేస్తే ఇక మారదు. నా లెక్కలో, రెండో కంప్యూటర్ పెట్టుకునేవాళ్లు సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేయకముందే చేయాల్సిన పని ఇది.

రెండో రకం తిప్పలు మన ఇళ్లలో బాగా ఎక్కువ. ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవాళ్లు హాల్లో ఒక పెట్టె బిగిస్తారు, దానికి సొంత వైఫై ఉంటుంది. గదిలోకి సిగ్నల్ అందడం లేదని మనం ఇంకో రౌటరు కొని దాని వెనకాల తగిలిస్తాం. పెద్ద కంప్యూటర్ గదిలో రౌటరుకి, ల్యాప్‌టాప్ హాల్లో వైఫైకి. రెండింట్లోనూ ఇంటర్నెట్ శుభ్రంగా వస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. మా ఇంట్లో దీన్ని పట్టించింది పింగ్, అంటే అవతలి కంప్యూటర్ పలుకుతుందా లేదా అని చూసే కమాండు. పెద్ద కంప్యూటర్ నుంచి ల్యాప్‌టాప్‌కి పింగ్ కొడితే జవాబు వచ్చింది. ల్యాప్‌టాప్ నుంచి పెద్ద కంప్యూటర్‌కి కొడితే రాలేదు. కంప్యూటర్ అడ్రసు చూపే ఐపీకాన్ఫిగ్ కమాండు కొడితే ఒకదానికి 192.168.1తో మొదలయ్యే అడ్రసు, ఇంకోదానికి 192.168.0తో. లోపలి రౌటరు బయటికి వెళ్లేవాటిని పోనిస్తుంది, బయటి నుంచి వచ్చేవాటిని ఆపేస్తుంది. దాని ఉద్యోగమే అది. ల్యాప్‌టాప్‌లోని వైడ్‌క్లయింటేమో లోపలికి రావాలి. గదిలోని రౌటరుని యాక్సెస్ పాయింట్ మోడ్‌లోకి (సొంత నెట్‌వర్క్ లేకుండా హాల్లో నెట్‌వర్క్‌నే గదిలోకి అందించేలా) మార్చగానే రెండు కంప్యూటర్లూ ఒకే నెట్‌వర్క్‌లోకి వచ్చాయి. వైఫైలో గెస్ట్ నెట్‌వర్క్‌కి కలిపిన ల్యాప్‌టాప్‌తోనూ ఇలాంటి చిక్కే. గెస్ట్‌లో ఉన్న పరికరాలు ఇంట్లోని మిగతావాటిని చూడకుండా రౌటరే అడ్డుకుంటుంది.

పింగ్ గురించి ఒక మాట. పింగ్‌కి జవాబు రాలేదంటే లైను చచ్చిపోయినట్టు కాదు. నెట్‌వర్క్ పబ్లిక్ అని నమోదై ఉంటే విండోస్ ఫైర్‌వాల్ పింగ్‌కి జవాబివ్వదు, బయటి నుంచి వచ్చే కనెక్షన్లనీ రానివ్వదు. రౌటరు మార్చినా, కొత్త యూఎస్‌బీ నెట్‌వర్క్ కార్డు పెట్టినా విండోస్ దాన్ని కొత్త చోటు అనుకుని పబ్లిక్‌లో వేసేస్తుంది. సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్ తెరిచి, ఆ కనెక్షన్ మీద నొక్కి, ప్రైవేట్ అని మార్చాలి. ఇంకో చిక్కుముడి కూడా ఉంది. కొత్త ప్రోగ్రాము మొదటిసారి తెరిచినప్పుడు ఫైర్‌వాల్ అనుమతి అడుగుతుంది. ఇంట్లో ఎవరైనా అక్కడ క్యాన్సిల్ నొక్కితే, విండోస్ ఊరుకోకుండా ఆ ప్రోగ్రాముని అడ్డుకునే రూలు రాసిపెడుతుంది. తర్వాత మనం ఎన్ని అనుమతి రూల్స్ పెట్టినా అడ్డుకునే రూలుదే పైచేయి. ఇన్‌బౌండ్ రూల్స్‌లో ఆ ప్రోగ్రాము పేరు వెతికి, ఎర్ర గుర్తు ఉన్నదాన్ని తీసేయాలి. ఫైర్‌వాల్ మొత్తం ఆపేసి ‘హమ్మయ్య, పని చేసింది’ అని అలాగే వదిలేయడం నాకు నచ్చదు. కారణం అదేనా కాదా అని తేల్చుకోవడానికి రెండు నిమిషాలు ఆపితే చాలు.

అన్నిటికంటే నాకు ఎక్కువ టైమ్ మిగిల్చింది నెట్‌స్టాట్, కంప్యూటర్లో ఏ పోర్టులు తెరిచి ఉన్నాయో చూపే కమాండు. సిమ్యులేటర్ కంప్యూటర్లో లిటిల్ నావ్‌కనెక్ట్ తెరిచి, కమాండ్ ప్రాంప్ట్‌లో నెట్‌స్టాట్ -ఏఎన్‌ఓ అని కొడితే పొడుగాటి పట్టిక వస్తుంది. అందులో 51968 ఉన్న వరుస పట్టుకోవాలి. అది లిజనింగ్ అని ఉందా, దాని ముందు ఏ అడ్రసు ఉంది అనేవి చూడాలి. 0.0.0.0:51968 అని ఉంటే అన్ని వైపుల నుంచీ వచ్చేవాళ్ల కోసం తలుపు తెరిచి ఉన్నట్టు. 127.0.0.1 అని ఉంటే ఆ కంప్యూటర్లోని ప్రోగ్రాములకే తప్ప బయటివాళ్లకు ప్రవేశం లేదు, ఇక ల్యాప్‌టాప్ వైపు ఎంత తడిమినా లాభం లేదు. ఆ వరుసే లేకపోతే ప్రోగ్రాము మొదలే కాలేదన్నమాట. ఈ వైపు బాగుందనుకున్నాక ల్యాప్‌టాప్‌లో పవర్‌షెల్ తెరిచి, టెస్ట్-నెట్‌కనెక్షన్ కమాండుకి సిమ్యులేటర్ ఐపీ, పోర్టు నంబరు ఇవ్వాలి. ట్రూ అని వస్తే దారి క్లియర్. ఫాల్స్ వస్తే చాలావరకు మధ్యలో ఫైర్‌వాల్ అడ్డున్నట్టే. వైడ్‌ఎఫ్‌ఎస్‌కి ఇదే పరీక్ష 8002 పోర్టుతో చేయాలి.

కేబుల్ సంగతి. మా ఇంట్లో గోడ లోపలి నుంచి లాగిన లైను ఉంది. సీనరీ ఫైళ్లు కాపీ చేస్తుంటే సెకనుకి 11 మెగాబైట్లు దాటడం లేదు. లింక్ స్పీడ్ చూస్తే గిగాబిట్ ఉండాల్సిన చోట 100 ఎంబీపీఎస్. లైను వేసిన కుర్రాణ్ణి పిలిస్తే, "లైటు వెలుగుతోంది కద సార్, లైను బానే ఉంది" అన్నాడు. "ఇంటర్నెట్‌కి బానే ఉంది బాబూ, కొస విప్పి ఒకసారి చూడు" అన్నాను. విప్పితే ఎనిమిది వైర్లలో నాలుగే కొసదాకా వచ్చాయి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు, గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి. అతనే ఓపిగ్గా మళ్లీ క్రింప్ చేసి (వైర్లను కొసన ప్లగ్గులో బిగించి) ఇచ్చాడు, కాపీ వేగం ఎన్నో రెట్లు పెరిగింది. మీటర్లకూ మ్యాపుకూ అయితే 100 కూడా ఎక్కువే. పెద్ద ఫైళ్లు అటూ ఇటూ పంపుకునేవాళ్లకే ఈ తేడా తెలుస్తుంది.

వైఫై మీద కూడా వాడి చూశాను. మ్యాపుకి ఏ ఇబ్బందీ లేదు, బొమ్మ కాస్త ఆలస్యంగా కదిలినా ఎవరికీ నష్టం లేదు. మీటర్లకు మాత్రం వద్దంటాను. కేబుల్ మీద పింగ్‌కి జవాబు 1 మిల్లీసెకండ్ లోపే వస్తుంది, ఎప్పుడు చూసినా అంతే. వైఫైలో సగటు బాగానే కనిపిస్తుంది గానీ మధ్యమధ్యలో ఆ సమయం ఒక్కసారిగా పైకి లేస్తుంది. ఆ క్షణంలో ఎత్తు చూపే ఆల్టిమీటర్ ముల్లు ఆగి, తర్వాత గబుక్కున దూకుతుంది. రన్‌వే మీదికి దిగే చివరి దశ ఫైనల్ అప్రోచ్‌లో కళ్లు దాని మీదే ఉన్నప్పుడు అలా జరిగితే చేతులు వణుకుతాయి. ఇల్లు చిన్నదైతే రౌటరు కూడా అక్కర్లేదు, రెండు కంప్యూటర్ల మధ్య నేరుగా ఒక కేబుల్ వేసుకోవచ్చు. ఇప్పటి గిగాబిట్ కార్డులకు క్రాసోవర్ కేబుల్ (కొసల్లో వైర్లు అటూ ఇటూ మార్చి బిగించినది) అవసరం లేదు. అడ్రసులు ఇచ్చే రౌటరు ఉండదు కాబట్టి రెండిటికీ ఐపీ మనమే చేత్తో ఇవ్వాలి. ఇవ్వకపోతే 169.254తో మొదలయ్యే అడ్రసులు కనిపిస్తాయి.

ఏ మధ్యవర్తీ లేకుండా సిమ్‌కనెక్ట్‌నే నేరుగా నెట్‌వర్క్ మీద వాడే పద్ధతీ ఉంది. ఎఫ్‌ఎస్‌ఎక్స్‌తో (మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్) 2006లో సిమ్‌కనెక్ట్ వచ్చినప్పటి నుంచీ ఇది సాధ్యమే. సిమ్యులేటర్ వైపు ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలులో స్కోప్‌ని లోకల్ నుంచి గ్లోబల్‌కి మార్చి, ఐపీ, పోర్టు రాయాలి. ల్యాప్‌టాప్ వైపు సీఎఫ్‌జీ ఫైలులో అవే రాయాలి. పని చేస్తుంది, కాదనను. కానీ సిమ్యులేటర్‌ని మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో కొన్నవాళ్లకు ఆ ఎక్స్‌ఎమ్‌ఎల్ ఫైలు ఒక చోట, స్టీమ్‌లో కొన్నవాళ్లకు ఇంకో చోట, రెండూ ఫోల్డర్ల అడుగున ఎక్కడో ఉంటాయి. పైగా వర్చువల్‌బాక్స్ లాంటిది (కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్‌ని నడిపే ప్రోగ్రాము) ఉన్న కంప్యూటర్లో 192.168.56.1 అని ఇంకో అడ్రసు కనిపించి, ఏది రాయాలో తికమక పెడుతుంది. లిటిల్ నావ్‌కనెక్ట్ ఉచితంగా దొరుకుతున్నప్పుడు మ్యాపు కోసం ఇంత శ్రమ పడక్కర్లేదు.

వైడ్‌ఎఫ్‌ఎస్‌లో నాకు నచ్చనిది ఒకటుంది. సర్వర్‌ని అదే వెతుక్కుంటుందని, రెండూ ఒకే వర్క్‌గ్రూప్‌లో ఉంటే చాలని మాన్యువల్ చెబుతుంది. ఆ వెతుకులాట మెయిల్‌స్లాట్ అనే పాత విండోస్ పద్ధతి మీద ఆధారపడింది. విండోస్ 11 24హెచ్2 నుంచి మైక్రోసాఫ్ట్ నెట్‌వర్క్ మెయిల్‌స్లాట్‌లను మామూలుగా ఆపేసే ఉంచుతోంది. అప్‌డేట్ తర్వాత వైడ్‌క్లయింట్ ఎదురుచూస్తూనే ఉండిపోతే ఇదే కారణం అయ్యే అవకాశం ఎక్కువ. అసలు దాని మీద ఆధారపడకుండా, వైడ్‌క్లయింట్ ఐఎన్‌ఐ ఫైలులోని కాన్ఫిగ్ భాగంలో సర్వర్ పేరు లేదా ఐపీ, ప్రోటోకాల్ టీసీపీ అని రెండు లైన్లు రాసేయండి. మొదటి రోజే ఇది చేసినవాళ్లకు విండోస్ ఎన్ని మార్పులు చేసినా ఫికర్ లేదు. మాన్యువల్ పెద్దది, చదవడానికి ఓపిక కావాలి. అయినా అందులో లేని విషయం లేదు.

దీనికి ఎదురుగా ఉన్న మంచి గుణం చాలా పెద్దది. మధ్యలో కేబుల్ పీకి మళ్లీ పెట్టినా వైడ్‌క్లయింట్ తనంతట తనే కలుపుకుంటుంది. ఏదీ మళ్లీ తెరవక్కర్లేదు, మీటర్లు ఆగినచోటి నుంచి కదులుతాయి. లిటిల్ నావ్‌మ్యాప్‌లోనూ ఆటోమేటిక్‌గా కలిసే ఆప్షన్ ఉంది, టిక్ పెట్టుకోవాలి. దాని సీనరీ డేటాబేస్ మాత్రం సిమ్యులేటర్ ఉన్న కంప్యూటర్లో తయారు చేసి ల్యాప్‌టాప్‌లోకి కాపీ చేసుకోవడం మేలు.

మ్యాపు ఒక్కటే చాలనుకునేవాళ్లు లిటిల్ నావ్‌కనెక్ట్‌తో ఆగిపోవచ్చు, పైసా ఖర్చు లేదు. రెండో కంప్యూటర్ లైనక్స్‌దో మ్యాక్‌దో అయినా నావ్‌మ్యాప్ నడుస్తుంది. వైడ్‌క్లయింట్ విండోస్‌కే. మీటర్లు, రేడియో ప్యానెళ్లు పెట్టి ఇంట్లో కాక్‌పిట్ కట్టుకోవాలన్న కోరిక ఉంటే, వాటిలో ఎఫ్‌ఎస్‌యుఐపీసీని వాడేవి ఉంటే, వైడ్‌ఎఫ్‌ఎస్‌కి పెట్టిన డబ్బు వృథా కాదు. ఆ డబ్బు పెట్టేముందు రౌటరుకి ఒక చిన్న యూపీఎస్, గదికి నాలుగు జతలూ సరిగ్గా క్రింప్ చేసిన ఒక కేబుల్ సిద్ధం చేసుకోండి.