పలుచటి రేకుకు పాప్ రివెట్: ఎనిమిదేళ్ల వాడకం తర్వాత

ఒక మిల్లీమీటరు మందం రేకుతో పెట్టెలు, అరలు, యంత్రాలకు మూతలు చేసుకునే నేను రేకులను కలపడానికి ఎనిమిదేళ్లుగా చేతి రివెట్ గన్ను వాడుతున్నాను. పాప్ రివెట్ అంటే నడుమ మేకు దూర్చిన చిన్న లోహపు గొట్టం; రెండు రేకుల రంధ్రంలో పెట్టి, ఈ గన్నుతో బిగిస్తాం. మొదట్లో వెల్డింగ్ వైపే మొగ్గాను. కానీ పలుచటి రేకు ఆ వేడికి వంకర తిరుగుతుంది, ఒక్క క్షణం ఏమరినా బొక్క పడుతుంది. జింక్ పూత ఉన్న రేకైతే అతుకు దగ్గర పూత కాలిపోయి తుప్పు అక్కడే మొదలవుతుంది. ఆ పొగ పీల్చినవారికి జ్వరం కూడా రావచ్చు. అల్యూమినియం మరీ మొండిది: లోహం 660 డిగ్రీలకే కరుగుతుంది గాని, దానిమీది ఆక్సైడ్ పొర 2000 డిగ్రీలు దాటితే తప్ప కరగదు.

రివెట్‌తో ఈ బాధ లేదు, పైగా రేకుకు ఒకవైపు నుంచి చెయ్యి అందితే చాలు. పిడి నొక్కేకొద్దీ లోపలి మేకు వెనక్కి వస్తూ, అవతలి వైపు గొట్టాన్ని ఉబ్బించి, రేకులను దగ్గరకు లాగి, చివరకు టక్కున తెగుతుంది. వెంటనే రివెట్ తలను వేలితో తిప్పి చూస్తాను; తిరిగిందంటే పట్టు లేనట్టే. నా అనుభవంలో తప్పు చాలావరకు రంధ్రంలోనే ఉంటుంది. 4 మిల్లీమీటర్ల రివెట్‌కు 4.1 డ్రిల్ బిట్ వాడాలి, 4.5 బిట్టుతో సర్దుకుందామంటే కుదరదు. డ్రిల్ చేశాక రేకులు విడదీసి, రంధ్రం అంచున లేచిన ముళ్లను గీకెయ్యకపోతే రెండు రేకుల మధ్య సందు మిగిలిపోతుంది. రివెట్ పొడవును కూడా రేకుల మొత్తం మందాన్ని బట్టే ఎంచుకోవాలి.

నేను చేసిన పెద్ద పొరపాటు, ఆరుబయట ఉండే స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టెకు అల్యూమినియం రివెట్లు వేయడం. తడి తగిలినచోట ఆ రెండు లోహాలకూ పొసగదు, అరిగిపోయేది అల్యూమినియమే. రివెట్ తలల చుట్టూ తెల్లటి పొడి కనిపించింది, ఆ తర్వాత తలలే ఊడివచ్చాయి. అన్నీ తీసి స్టెయిన్‌లెస్ రివెట్లు వేశాను. ఆ తీయడం కూడా తేలిక కాదు, డ్రిల్ పెట్టగానే వదులైన రివెట్ బిట్టుతోపాటే గిరగిర తిరుగుతుంది.

తరచూ విప్పే మూతకు రివెట్ పనికిరాదు. స్క్రూ నేరుగా రేకులోకి బిగిస్తే పట్టేది ఒకటి రెండు మరలే కాబట్టి నాలుగైదుసార్లు విప్పేసరికి అరిగిపోతాయి. అలాంటిచోట రివెట్ నట్టు (రివెట్‌లాగే రేకు రంధ్రంలో బిగిసే, లోపల మరలున్న గొట్టం) వేసి బోల్టు బిగిస్తున్నాను. అదురుకు మామూలు నట్టు వదులవుతుంది గాని, సరిగా పట్టిన రివెట్ వదలడం నేను అరుదుగానే చూశాను. నీళ్లు నిలిచే తొట్టికి మాత్రం మామూలు పాప్ రివెట్ వద్దు, మేకు తెగిన నడిమి రంధ్రం గుండా కారుతుంది. మందపాటి యాంగిళ్లకు (L ఆకారపు ఇనుప కడ్డీలకు) నేటికీ వెల్డింగే చేయిస్తాను.

గన్నులోని దవడలను ఇప్పటికి రెండుసార్లు మార్చాను. లోహపు పొడి చేరితే అవి మేకుమీద జారుతాయి, అప్పుడు విప్పి తుడిచి ఒక చుక్క నూనె వేస్తే మళ్లీ పట్టుకుంటాయి.