లసాన్యా, జీటీ, మాక్ అండ్ చీజ్: సూప్‌గా కాస్తే ఏది మేలు?

ఓవెన్‌లో పెట్టి కాల్చే ఈ మూడు పాస్తాలనూ ఒకే గిన్నెలో సూప్‌గా కాచుకోవడం అమెరికా ఇళ్లలో ఇప్పుడు మామూలే. పని బాగా తగ్గుతుంది. అయితే ఓవెన్‌తో పాటు పైన ఎర్రగా కాలిన చీజ్ పొర కూడా పోతుంది. ఆ పొర లేకపోయినా రుచి దేనిలో నిలబడుతుంది? నన్నడిగితే లసాన్యాలోనే.

లసాన్యా అంటే వెడల్పాటి పాస్తా షీట్లు, సాస్, చీజ్ పొరలు పొరలుగా పేర్చి కాల్చేది. ఇటలీలోని బొలోన్యా పద్ధతిలో దానికి పాలు, వెన్న, మైదాతో చేసే బెషమెల్ సాస్ వాడతారు. ఇటాలియన్ అమెరికన్లు ఎక్కువగా వాడేది రికోటా అనే మెత్తటి తాజా చీజ్, మొజరెల్లా. సూప్‌కి ఈ రెండో పద్ధతే ఆధారం. ఉల్లి, వెల్లుల్లి, సాసేజ్ వేయించి, 800 గ్రాముల టమాటా డబ్బా, లీటరున్నర స్టాక్ (మాంసమో కూరగాయలో ఉడికించి వడకట్టిన నీళ్లు) పోసి మరిగించాలి. 200 గ్రాముల లసాన్యా షీట్లను రెండేసి అంగుళాల ముక్కలుగా విరిచి అందులో వేయాలి. మొదటి రెండు మూడు నిమిషాలు గరిటె ఆపకూడదు, ఆపితే ముక్కలన్నీ అట్టకట్టేస్తాయి. రికోటాని మాత్రం గిన్నెలో కలపొద్దు. వడ్డించాక ఒక చెంచా పైన పెట్టండి. పొగలు కక్కే పుల్లటి సూప్‌లో చల్లగా, తెల్లగా, కొంచెం తియ్యగా అది మెల్లగా కరుగుతుంటే ఒక స్పూన్ అంతా టమాటా, ఇంకో స్పూన్ అంతా వెన్నలా ఉంటుంది. లసాన్యా పొరల్లో ఉండే మజా అదే. ఓవెన్ లేకున్నా అది ఎక్కడికీ పోలేదు.

శాకాహారులకీ ఇదే సులువు. ఇటాలియన్ సాసేజ్‌కి ఆ వాసన ఇచ్చేది చాలావరకు సోంపు. పుట్టగొడుగులను నీరు ఇగిరి రంగు మారేదాకా వేయించి, అర చెంచా సోంపు కచ్చాపచ్చాగా దంచి వేస్తే చాలు. పైన తురిమే పార్మిజానో రెజ్జానో చీజ్‌లో దూడ పొట్ట నుంచి తీసే, పాలను గడ్డకట్టించే రెన్నెట్ ఉంటుంది, కాబట్టి వెజిటేరియన్ అని రాసి ఉన్న చీజే కొనండి. రికోటా దొరక్కపోతే మెత్తటి పనీర్‌ని కాస్త క్రీమ్, చిటికెడు ఉప్పుతో మిక్సీలో ఒక్క తిప్పు తిప్పండి.

జీటీ అంటే దక్షిణ ఇటలీ గొట్టాల పాస్తా. నేపుల్స్ వైపు పొడవాటి గొట్టాలను చేత్తో విరిచి వండుతారు. బేక్డ్ జీటీలో అందరూ పోటీపడేది మూలల్లో కరకరలాడే ముక్కల కోసమే. సూప్‌లో అవెక్కడుంటాయి? పైగా ఆ గొట్టాలు స్పూన్‌లో ఇమడవు. మిగిలేది మామూలు టమాటా పాస్తా సూప్. బాగుంటుంది గానీ, దానికి జీటీయే అక్కర్లేదు, చిన్న గొట్టాల డిటలీనీ నయం.

మాక్ అండ్ చీజ్ సూప్ పిల్లలకి ఇట్టే నచ్చుతుంది, కారం లేదు, పులుపు లేదు. వెన్నలో మైదా వేయించి, పాలు, స్టాక్ పోసి, అందులోనే మాకరోనీ ఉడికించడం. టెన్షన్ అంతా చీజ్ దగ్గరే. చెడ్డార్ వేశాక సూప్ మరిగిందా, విరిగి నూనె తేలుతుంది, నోటికి ఇసుకలా తగులుతుంది. స్టవ్ ఆపేసి, గుప్పెడు గుప్పెడుగా వేసి కలపాలి. తురిమి అమ్మే చీజ్‌కి ముద్దకట్టకుండా పిండి పదార్థమో సెల్యులోజో కలుపుతారు, అది నున్నగా కరగదు. బ్లాక్ కొని ఇంట్లో తురుముకోండి. అంతా సరిగ్గా కుదిరినా పెద్దవాళ్లకి ఒక గిన్నెతోనే మొహం మొత్తుతుంది. పావు చెంచా ఆవపొడి కలిపితే కొంత తేలికపడుతుంది.

మర్నాటికి దాచాలంటే మాత్రం మూడింటికీ ఒకటే ఇబ్బంది. పాస్తా రాత్రంతా సూప్ పీల్చుకుని ఉబ్బిపోతుంది. లసాన్యా షీట్లయితే చిరిగి ముద్దవుతాయి కూడా. రేపటి లంచ్ బాక్స్‌కి కూడా కావాలనుకుంటే సూప్ విడిగా, పాస్తా విడిగా ఉడికించి ఫ్రిజ్‌లో పెట్టుకోండి. ఇంకో గిన్నె తోముకోవాల్సి వస్తుంది, అయినా సరే.