ముక్కుపురుగుల కోసం తాడ్వాయి అడవికి

లక్నవరం వెళ్లేవాళ్లు ఎక్కువగా వేలాడే వంతెన కోసం వెళ్తారు. మేం ములుగు జిల్లాలో తిరిగింది మాత్రం ఎండిన కట్టెల మీద బతికే ఫంగస్ ముక్కుపురుగుల కోసం. ఆంత్రిబిడే అనే ఈ కుటుంబంలో దాదాపు 4,000 జాతులున్నాయి. బియ్యంలో కనిపించే ముక్కుపురుగుకు ముక్కు సన్నగా ఉంటుంది, మీసాలు మోచేయిలా వంగి ఉంటాయి. వీటికి ముక్కు పొట్టిగా, వెడల్పుగా ఉంటుంది, మీసాలు వంగవు. కొన్ని జాతుల్లో మగవాటి మీసాలు ఒంటికన్నా పొడవు! మడ అడవుల్లో బతికేవీ ఉన్నాయి. కానీ మడ చెట్లు చూడాలంటే మనం కాకినాడ దగ్గరి కోరంగి దాకా పోవాలి. చచ్చిన కట్టె, దాని మీద ఫంగస్ అయితే మన దగ్గరే బోలెడు.

అందుకే ఈ పురుగులు చూడ్డానికి ఎక్కడికి వెళ్లాలంటే నా ఓటు తాడ్వాయికే. 2024 ఆగస్టు 31న వీచిన పెనుగాలికి ఇక్కడి అడవిలో వేల చెట్లు కూలాయి. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. కానీ పడిన చెట్టు కూడా ఎన్నో ప్రాణులకు ఇల్లే. ఈ పురుగుల పిల్లలు చాలావరకు ఫంగస్ పట్టిన కట్టెలోనే పెరుగుతాయి. బాట పక్కన ఓ మాను మీద టార్చి వేసి చూస్తే, బూడిద రంగు బెరడులో గోరంత మచ్చ కదిలింది. ఒళ్లంతా గోధుమ, తెలుపు నూగు. కాస్త దగ్గరికి వెళ్లగానే కాళ్లు ముడుచుకుని ఆకుల్లో పడిపోయింది. జాతి పేరు తేల్చలేం గానీ, ఆ మొద్దు ముక్కు చూశాక కుటుంబం మీద అనుమానం లేదు.

హనుమకొండ నుంచి ఏటూరునాగారం బస్సెక్కితే ములుగు మీదుగా తాడ్వాయిలో దిగొచ్చు. అటవీశాఖ కుటీరాలు ముందే మాట్లాడుకోండి. గది సాదాసీదాగా ఉన్నా, చీకటి పడ్డాక అడవి గుమ్మం ముందే ఉంటుంది, మాకు కావలసింది అదే. భోజనం సంగతి ముందే చెప్పి పెట్టుకోవాలి. లక్నవరం వైపు మేం దిగిన ఓ ప్రైవేట్ బసలో రేటు ఎక్కువ, రాత్రంతా డీజే మోత. పిల్లలతో బోటు షికారుకైతే లక్నవరం బాగుంటుంది, పురుగులు చూడ్డానికి కాదు.

పాఖాల మీద నాకు ప్రత్యేకమైన ఇష్టం. కాకతీయుల నాటి చెరువు, చుట్టూ అభయారణ్యం. నర్సంపేట నుంచి ఆటోలో వెళ్లి సాయంత్రానికి తిరిగి రావచ్చు. రాత్రి టార్చితో వెతికే వీలు మాత్రం మాకు దొరకలేదు.

వానలు మొదలై కట్టె మీద ఫంగస్ తేరాక వెళ్లండి. బెరడు ఊడదీయకండి, ఏ పురుగునూ పట్టి తేకండి, అది అభయారణ్యం. బాట దాటి లోపలికి వెళ్లాలంటే అటవీశాఖ అనుమతి తీసుకోండి. ఫొటోకు మాక్రో లెన్స్, చేతికి టార్చి, జలగలకు పొడవాటి సాక్సులు ఉంటే చాలు.